నీళ్ళ వంతు

నగోయా, జపాన్
9-5-1965

తమ్ముడు ఓబుళేసుకు ముత్యాలప్ప రాయునది.

వచ్చి నాలుగు వారాలైంది. ధర్మవరానికి మీ వదినకు రాసే జాబుల్లో చలి సంగతీ తిండి సంగతీ రాస్తున్నాను. బడి సంగతి రాయడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు? ట్రైనింగు స్కూల్లో రెండేళ్ళు పక్కపక్క చాపల మీద పడుకుని మాటలతోనే ఎన్ని బడులు కట్టామో నీకు గుర్తుండే ఉంటుంది. అవి ఇక్కడ నిజంగా ఉన్నాయి.

ఇక్కడి పిల్లలకు చదువు ఇంత బాగా ఎలా అబ్బుతుందో చూసి రమ్మని ప్రభుత్వం మా ఆరుగురినీ పంపింది. నన్నొక ప్రాథమిక పాఠశాలలో ఉంచారు. నిన్న అయిదో తరగతి లెక్కల పాఠం చూశాను. గంటసేపట్లో అయ్యవారు ఇచ్చింది ఒకే లెక్క. తప్పు చేసిన పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచాడు. ఇక దెబ్బలే అనుకున్నాను. ఆ పిల్లవాడు నింపాదిగా తన తప్పును బోర్డు మీద రాసి నిలబడ్డాడు. వీడికి ఇలా ఎందుకు తోచిందో చెప్పండి అని అయ్యవారు తరగతిని అడిగాడు. మిగిలిన గంటంతా ఆ తప్పు మీదే నడిచింది. వెనక గోడకు ఆనుకుని ముగ్గురు అయ్యవార్లు నిలబడి రాసుకున్నారు. సాయంత్రం అందరూ కూర్చుని, పోగు తెగిన చోటు కోసం మా వాళ్ళు మగ్గం మీద వెతికినట్టు, ఆ పాఠాన్ని వెతికారు.

మొద్దు అనే మాట వీళ్ళ నోట రాదు. ఇంకా కష్టపడాలి అంటారు, అంతే. ఏడాది మొదట్లో అయ్యవారు ప్రతి పిల్లవాడి ఇంటికీ పోయి కూర్చుని వస్తాడు. మధ్యాహ్నం రొట్టె, పాలు. ఆ పాలు కూడా పొడి కలిపినవే, మన బడులకు వచ్చేలాంటిదే. వడ్డించేది పిల్లలు. బడికి నౌకరు లేడు. గదులు ఊడ్చేది, తుడిచేది, నీళ్ళు తెచ్చేది పిల్లలే, వంతుల ప్రకారం. డాక్టరు కొడుకైనా కూలివాడి కొడుకైనా వంతు వంతే.

జూన్‌లో నీ బడిలో ఇవి మొదలుపెట్టు. మీ ఊరి కరువులో ఫలిస్తే ఇంకెక్కడైనా ఫలిస్తుంది. లెక్కల మార్కులు నెలనెలా పంపు. నా రిపోర్టులో నీ బడిది ఒక అధ్యాయం అవుతుంది.

నీ
ముత్యాలప్ప


తుమ్మలదొడ్డి, బెళుగుప్ప మీదుగా
20-7-1965

అన్నా,

నీ జాబు మూడుసార్లు చదివాను. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. దున్నిన చేలల్లో దుమ్ము లేస్తోంది. పట్టీలో అరవైమూడు పేర్లున్నాయి, వచ్చేది నలభై లోపు. అయిదో తరగతిలో పన్నెండుమంది. జూన్‌లో లెక్కల పరీక్ష పెడితే ముగ్గురు గట్టెక్కారు.

ఇళ్ళకు పోవడం మొదలుపెట్టాను. తొలిరోజు ఊరవతల మా హరిజనుల గేరిలో తిప్పమ్మ ఇంటికి పోయాను. కూలి చేసుకునే మనిషి, భర్త లేడు. ఆమె కూతురు నల్లమ్మ అయిదో తరగతి, కొడుకు కుళ్ళాయప్ప ఒకటో తరగతి. నన్ను చూసి తిప్పమ్మ బెదిరింది. "సదువు సెప్పేటోడివి మా యింటికాడికి యాల వచ్చినావప్పా? పిల్ల ఏమన్నా దొంగిలించినాదా?" అంది. చూసి పోదామని వచ్చానంటే నమ్మలేదు. రెండోసారి పోయినప్పుడు చాప వేసింది. మా గ్రామ మునసబు శివప్ప గారింటికి కూడా పోయాను. వాళ్ళ అబ్బాయి దివాకర్ కూడా అయిదో తరగతే. మాట్లాడి వచ్చాను.

ఇప్పుడు మా లెక్క సంగతి విను. రెండు మూడోవంతులు పెద్దదా, మూడు నాలుగోవంతులు పెద్దదా అని అడిగాను. రెండు మూడోవంతులే పెద్దదని నల్లమ్మ అంది. ఇదివరకైతే నెత్తిన ఒకటి వేసి కూర్చోబెట్టేవాణ్ణి. బోర్డు దగ్గరికి పిలిచి ఎందుకని అడిగాను.

"ముద్దను ముగ్గురు పంచుకుంటే ఒక్కోరికి పెద్దది వస్తాది. నలుగురైతే చిన్నది. చిన్నదాన్ని ఎంత తిన్నా చిన్నదే గదా అయివారా" అంది.

ఎవరూ నవ్వలేదు అన్నా. అందరికీ అది నిజమే అనిపించింది. దివాకర్ లేచి, తినింది కాదు, మిగిలింది చూడమన్నాడు. ఇద్దరూ నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి పోట్లాడుకున్నారు. చివరికి నల్లమ్మే చెప్పింది: మూడు నాలుగోవంతుల్లో లేని ముక్క చిన్నది, కాబట్టి ఉండేది పెద్దది అని. పదహారేళ్ళుగా పంతులుగా ఉన్నాను. ఆ వంతుల లెక్క నాకూ ఆరోజే అర్థమైంది.

తమ్ముడు
ఓబుళేసు


నగోయా
12-9-1965

తమ్ముడూ,

నీ జాబును ఇక్కడి అయ్యవార్లకు ఇంగ్లీషులో చెప్పి వినిపించాను. ముద్ద మాట వినగానే ఒనో అనే ముసలి అయ్యవారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. వచ్చే మార్చికి ఆయన ఉద్యోగం మానేస్తాడు.

ఆ సాయంత్రం నన్ను ఇంటికి తీసుకుపోయి ఒక తరగతి ఫోటో చూపించాడు. యుద్ధానికి ముందుది. ముప్పైఎనిమిది మంది మగపిల్లలు, గుండు గీయించుకుని వరసగా నిలబడ్డారు. అందులో పందొమ్మిదిమంది తిరిగి రాలేదట. "వీళ్ళు కూడా చక్కగా ఊడ్చేవారు. చెప్పిన మాట వినేవారు. యుద్ధానికి పొమ్మని నేనే పాఠం చెప్పాను. ఎందుకని ఒక్కడూ అడగలేదు. అడగకుండా పెంచింది నేను" అన్నాడు. టీ తాగి వచ్చేశాను. ఇది రిపోర్టులో రాసే సంగతి కాదు, నీకు రాస్తున్నాను.

నువ్వు అన్నీ రాశావు గాని బడి ఊడ్చే సంగతి రాయలేదు. అది చిన్న విషయం అనుకోవద్దు. వీళ్ళ చదువుకు మూలం అక్కడుందని మా బృందంలో అందరి అభిప్రాయం. నీ బడిలో వంతులు పెట్టావా లేదా, తప్పకుండా రాయి.

ముత్యాలప్ప


తుమ్మలదొడ్డి
17-10-1965

అన్నా,

మరిచిపోయి కాదు, రాయలేక రాయలేదు. ట్రైనింగులో రెండేళ్ళు నీ పక్కన పడుకున్నా ఇది నీకు చెప్పలేదు.

నేను చదివింది ఈ బడిలోనే. మా నాయన నన్ను తెచ్చి వదిలినప్పుడు అప్పటి అయ్యవారు ఒక షరతు పెట్టాడు. అందరికంటే ముందు వచ్చి గది ఊడ్చి, కసువు ఎత్తిపోసి, ఆపైన వసారాలో కూర్చోవాలి. నాలుగేళ్ళు ఊడ్చాను. ఆ గదిలో నేల ఎక్కడ గుంటపడిందో నాకు తెలుసు. దాంట్లో కూర్చున్నది మాత్రం అయ్యవారినై వచ్చాకే. అప్పుడు లోపల కూర్చున్న పిల్లల్లో శివప్ప ఒకడు. జూన్‌లో వాళ్ళింటికి పోయి మాట్లాడి వచ్చానని రాశాను కదా. వీధిలో నిలబడి మాట్లాడి వచ్చాను.

నేను ఈ బడికి వచ్చేటప్పటికి గేరి ఆడపిల్లలే ఊడుస్తున్నారు. వాళ్ళచేత మాన్పించాను. ఇంకెవరికీ చెప్పలేక, పిల్లలు రాకముందే నేనే ఊడ్చేవాణ్ణి. పదకొండేళ్ళుగా ఇదీ నా బడి నౌకరీ. నువ్వు వంతులని రాసినప్పుడు నాకు జపాను కనిపించలేదు. దివాకర్ చేతికి నేను పొరక ఇస్తే శివప్ప ఏమనుకుంటాడో అదొక్కటే కనిపించింది.

అయినా చేశాను. అక్టోబరు రెండున గాంధీగారి పేరు చెప్పి అందరిచేతా ఊడిపించాను. ఆరోజు ఎవరూ కాదనలేరు కదా. సోమవారం పిల్లలే, ఈరోజు ఎవరి వంతు అని అడిగారు. పేర్లు గోడ మీద రాసి పెట్టాను. దివాకర్‌కు మొదట ఊడ్చడం రాలేదు, దుమ్మంతా నల్లమ్మ మీదికి కొట్టాడు. ఇప్పుడు బాగానే ఊడుస్తున్నాడు. ఊళ్ళో కొందరు గొణిగారు. శివప్ప ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. అందుకే నాకు భయంగా ఉంది.

నీళ్ళ బిందె మాత్రం వంతుల్లో పెట్టలేదు. అంత ధైర్యం నాకు లేదు.

వాన ఇంకా లేదు. మధ్యాహ్నం మొక్కజొన్న రవ్వ ఉప్మా పెడుతున్నాం కాబట్టి హాజరు యాభైఅయిదు దాటింది.

ఓబుళేసు


నగోయా
14-11-1965

తమ్ముడూ,

నీ జాబు చదివాను. నాకెందుకు చెప్పలేదురా? చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. కాని నువ్వు చేసిన పని చిన్నది కాదు.

నీళ్ళ సంగతి మాత్రం మళ్ళీ ఆలోచించు. ఒకటి వంతుల్లో పెట్టి ఒకటి తీసేస్తే పిల్లలు అదే నేర్చుకుంటారు. నా రిపోర్టు చదివేవాళ్ళకూ అది లోపంగానే కనిపిస్తుంది. నిదానంగా మొదలుపెట్టు, భయపడకు. నెలాఖరుకు నేను బయలుదేరుతున్నాను. అనంతపురంలో నన్ను బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా వేయబోతున్నారని ఉత్తరం వచ్చింది. ఇక నీకు అడ్డుచెప్పేవాడెవడు?

ముత్యాలప్ప


తుమ్మలదొడ్డి
18-2-1966

అన్నా,

నువ్వు వచ్చి రెండు నెలలు దాటింది. కొత్త ఉద్యోగంలో తీరిక ఉండదని తెలుసు. అయినా అవసరం పడి రాస్తున్నాను.

ముందు మంచి మాట. డిసెంబరు పరీక్షలో లెక్కల్లో పన్నెండుమందిలో పదిమంది నెగ్గారు. నల్లమ్మకు అందరికంటే ఎక్కువ, దివాకర్‌కు ఆమెకంటే రెండు తక్కువ.

సంక్రాంతి ముందే బడి బావి అడుగంటింది. ఊరి బావీ అంతే. నీళ్ళున్నది శివప్ప తోట బావిలో ఒక్కదాంట్లోనే. ఉప్మాకూ తాగడానికీ అక్కడినుంచే రోజూ ఇద్దరు పిల్లలు తెస్తున్నారు. గేరి పిల్లలను నేను పంపలేదు. నువ్వు రాసినా పంపలేదు. కాని పోయినవారం దివాకర్ తనంతట తానే నల్లమ్మను వెంట తీసుకుపోయాడు. గోడ మీద రాసిన జాబితా ప్రకారం ఆరోజు వాళ్ళిద్దరి వంతు. ఊడ్చేదానికి వంతున్నప్పుడు నీళ్ళకు ఎందుకుండదని వాడికి తోచింది. నా చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, నువ్వు తోడు అని తాడు నల్లమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె తోడింది. శివప్ప చూశాడు.

పిల్లను కొట్టలేదు. కొడుకును కొట్టాడు. తర్వాత బడికి వచ్చి పిల్లలందరి ముందూ నాతో మాట్లాడాడు. గొంతు కూడా పెంచలేదు.

"ఏమప్పా ఓబుళేసూ. నువ్వు సిన్నప్పుడు పొరక పట్టినావని నా కొడుకుతో పట్టిస్తివి. సరే, పోనీలే అని ఊరకుంటి. ఇప్పుడు నా బాయిలోకి మీ సెయ్యి దించినావు. ఇంగ మీకు ఆడ నీళ్ళు లేవు. యాడ తాగుతారో తాగండి."

నేను పంపలేదని చెప్పబోయాను. పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారు. నల్లమ్మ చూస్తోంది. నేను పంపలేదు అంటే ఆమె తప్పు చేసినట్టే కదా. అందుకని, ఆరోజు వాళ్ళ వంతు అని చెప్పాను.

మరునాటినుంచి ఊరిపిల్లలు బడికి రావడం లేదు. నీళ్ళు లేక ఉప్మా నిలిచిపోయింది. గేరివాళ్ళను ఎవరూ కూలికి పిలవడం లేదు. వాళ్ళు వంకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్ళే తాగుతున్నారు. పశువులు దిగే చోటు అది, నీళ్ళు పచ్చగా ఉన్నాయి. పంచాయతీ సమితి ఆఫీసుకు రెండుసార్లు పోయాను, నన్ను కూర్చోమనలేదు. నువ్వు ఒక్కసారి జీపులో వచ్చి బడి ముందు దిగితే చాలు. ట్యాంకరు నీళ్ళు పంపించమని పైవాళ్ళకు ఒక మాట రాస్తే చాలు.

ఓబుళేసు


అనంతపురం
6-3-1966

చి. ఓబుళేసుకు,

నీ జాబు అందింది. చాలా విచారం కలిగింది. ఇలాంటి విషయాల్లో తొందరపడితే మొదటికే మోసం వస్తుంది. నా రిపోర్టు అచ్చుకు పోయింది. డైరెక్టరు గారు నీ బడి అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఈ సమయంలో తగువు పైకి రావడం నీకూ మంచిది కాదు.

కొన్నాళ్ళు ఆ వంతులు పక్కన పెట్టు. గోడ మీద పేర్లు తుడిచేయి. శివప్ప గారిని ఒకసారి కలిసి మెత్తగా మాట్లాడు. ఫిర్యాదు ఏదైనా వస్తే నేను చూసుకుంటాను. నీళ్ళ విషయం సంబంధించినవారికి తెలియజేస్తాను. ఏప్రిల్‌లో వీలు చూసుకుని వస్తాను.

శుభం,
ముత్యాలప్ప


తుమ్మలదొడ్డి
11-4-1966

అన్నా,

పోయిన ఆదివారం గేరిలో వాంతులు, భేదులు మొదలయ్యాయి. నాలుగు రోజుల్లో అయిదుగురు పోయారు. ఇద్దరు మన బడి పిల్లలు. ఒకడు కుళ్ళాయప్ప. ఆరేళ్ళు. వాణ్ణి ఎద్దుల బండిలో కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో నా ఒడిలోనే పోయాడు. నీళ్ళు, నీళ్ళు అని అడిగాడు. తాగించాలంటే నా దగ్గర ఉన్నవీ ఆ చెలమ నీళ్ళే. నల్లమ్మకూ వచ్చింది, బతికింది. ట్యాంకరు శుక్రవారం వచ్చింది.

శనివారం నన్ను బదిలీ చేస్తూ ఉత్తర్వు అందింది. కణేకల్ దాటి మైసూరు రాష్ట్ర సరిహద్దులో ఒక ఊరు. పిల్లలచేత నీచమైన పనులు చేయించి గ్రామంలో కక్షలు రేపినందుకట. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారి సిఫారసు మీద అని ఉంది. సిఫారసు తేదీ ఫిబ్రవరి ఇరవైఎనిమిది. ఫిర్యాదు వస్తే చూసుకుంటానని నువ్వు నాకు రాసింది మార్చి ఆరున.

తిప్పమ్మ ఇల్లు వదిలేసి కణేకల్ వైపు కాలువ కిందికి కూలికి పోయింది. కూతురిని తీసుకుపోయింది. పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

ఓబుళేసు


ధర్మవరం
2-5-1966

ఓబుళేసూ,

ఇరవై రోజులుగా ఈ జాబు మొదలుపెట్టి చించేస్తున్నాను. మీ వదినకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె లేచి లోపలికి పోయింది.

నువ్వు చూసిన తేదీలు నిజమే. శివప్ప ఫిర్యాదు నీ జాబుకంటే ముందే నా బల్ల మీదికి వచ్చింది. సమితి ప్రెసిడెంటు ఆయనకు వియ్యంకుడు. ఆ ప్రెసిడెంటు నన్ను పిలిపించి, ఆ పొరక చదువు జపాను నుంచి తెచ్చింది నువ్వేనట కదా అని అడిగాడు. కాదన్నాను. ఓబుళేసు సొంత ఆలోచన అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక ఇక వెనక్కి రాలేకపోయాను. నిన్ను అక్కడినుంచి తీసేస్తే గొడవ చల్లారుతుంది, నీకూ దెబ్బ తగలదు అని నాకు నేను చెప్పుకున్నాను. నీళ్ళ కాగితం నేను పంపింది మార్చి ఆఖరున. నీ జాబు అందిన నలభై రోజులకు. ముందే పంపితే నేను నీ పక్షమని అనుకుంటారని ఆపాను.

రిపోర్టు పుస్తకమై వచ్చింది. నీ పదిమంది మార్కులు ఉన్నాయి. వంతుల సంగతి చివరి ప్రూఫులో నేనే కొట్టేశాను. పిల్లలకు శుభ్రతపై ఆసక్తి కలిగించబడినది అని ఒక వాక్యం ఉంది. అంతే. ఒనో గారు నాకు చెప్పింది అర్థమైందనుకుని వచ్చాను. అర్థం కాలేదు.

తిట్టి ఒక కార్డు ముక్క రాసినా చాలు.

ముత్యాలప్ప


కణేకల్
10-7-1966

ముత్యాలప్ప గారికి,

తిట్టడానికి రాయడం లేదు. మీతో ఒక పని ఉంది.

కొత్త ఊరికి వచ్చి చేరాను. అక్కడినుంచి కణేకల్ తొమ్మిది మైళ్ళు. నాలుగు ఆదివారాలు నడిచి వచ్చి, కాలువ కింద వరిమళ్ళ వెంట అడుగుతూ తిరిగాను. పోయిన వారం తిప్పమ్మ కనిపించింది. గుడిసెలో కూర్చోబెట్టి సంగటి పెట్టింది. కుళ్ళాయప్ప మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నల్లమ్మ నాట్లకు పోయి మోకాళ్ళదాకా బురదతో వచ్చింది. బాగా చిక్కింది. ఇక్కడ హైస్కూలు ఉంది, ఆరో తరగతిలో చేర్పిస్తాను, రమ్మన్నాను.

ఆ పిల్ల కాళ్ళు కడుక్కుని వచ్చి, "అయివారా, ఈడ బళ్ళో నీళ్ళు ఎవురు తోడతారు?" అని అడిగింది.

తెలియదన్నాను. తెలుసుకుని రమ్మంది.

మరునాడు హైస్కూలుకు పోయి అడిగాను. కుండ దగ్గర ఒక మనిషి ఉంటాడు, గేరి పిల్లలకు దోసిట్లో పోస్తాడు అని వాళ్ళు చెప్పారు. మామూలు విషయం చెప్పినట్టే చెప్పారు. తిరిగిపోయి ఉన్నదున్నట్టు నల్లమ్మకు చెప్పాను. అబద్ధం చెప్పి చేర్పించాలని దారి పొడుగునా అనిపించింది గాని చెప్పలేదు. తిప్పమ్మ వద్దనింది. ఉన్న ఒక్క పిల్లను నీళ్ళ కోసం పోగొట్టుకోలేను అంది.

నల్లమ్మ తల్లితో, "నేను ఆడ తాగనులేమ్మా. సాయంత్రం ఇంటికొచ్చి తాగుతా" అంది.

వచ్చే సోమవారం చేర్చుకుంటామన్నారు. పరీక్ష రాయలేదు కాబట్టి, డిసెంబరు మార్కుల మీద అయిదో తరగతి పాసైనట్టు రికార్డు షీటు కావాలట. తుమ్మలదొడ్డి కొత్త అయ్యవారు ఇవ్వనంటున్నాడు, శివప్పకు భయపడుతున్నాడు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఇవ్వవచ్చునని ఇక్కడి హెడ్‌మాస్టరు చెప్పాడు. కాగితం నేనే రాసి దీంతో జతచేశాను. పిల్ల పేరు, తల్లి పేరు, ఊరు, మార్కులు అన్నీ సరిగా ఉన్నాయి. కింద మీ సంతకం, తేదీ పెట్టాలి.

ఈసారి తేదీ ఆలస్యం చేయకండి. శనివారం లోపల నాకు చేరాలి.

కె. ఓబుళేసు
ఉపాధ్యాయుడు